బొమ్మ బయటికొస్తే పాఠం పారిపోతోందా?

ప్రశ్న: నేను ఒకటో తరగతికి చెబుతాను. అందరూ ఐదారేళ్ల పిల్లలు, క్లాసులో ముప్పై మంది దాకా ఉంటారు. కూడికలు చెబుతుంటే ఎవరూ వినడం లేదని, వాళ్లు ఇష్టపడే హాట్‌వీల్స్ కార్లు, కార్టూన్ పాత్రల బొమ్మలు ఒక పెట్టెడు తెచ్చాను. పెట్టె తెరవగానే క్లాసంతా లేచి నిలబడింది. తీరా ‘మూడు కార్లకి రెండు కార్లు కలిపితే ఎన్ని?’ అని అడిగితే ‘టీచర్, ఆ నీలం కారు నాకు’ అన్నదే జవాబు. ఇద్దరు కొట్టుకున్నారు, ఒకడు బొమ్మని జేబులో వేసుకున్నాడు. మర్నాడు కొందరు ఇంటి నుంచి ఇంకా పెద్ద బొమ్మలు మోసుకొచ్చారు. ‘చదువు చెబుతున్నారా, ఆడిస్తున్నారా?’ అని మా హెడ్మిస్ట్రెస్ గారు అడిగారు. బొమ్మలతో పాఠం చెప్పడం నిజంగా పనికొస్తుందా? లేక చూడ్డానికి బాగుండే ముచ్చట మాత్రమేనా? – ఒక టీచర్

జవాబు: పనికొస్తుందండీ. మీరు బొమ్మలు తేవడంలో పొరపాటేమీ లేదు. ఆ కార్లకి మీరు ఒప్పజెప్పిన పనే వాటికి నప్పలేదు.

ఆ నీలం కారు సంగతే చూడండి. మీ లెక్కలో అది ‘ఒకటి’. ఎర్ర కారు ఇంకొక ‘ఒకటి’. రెండిటికీ తేడా లేదు, ఉండకూడదు కూడా. పిల్లాడికి మాత్రం అది నీలం కారు. దాని చక్రాలు, తలుపు మీది గీతలు, అది ఎంత వేగంగా పోతుందన్నదీ వాడికి ముఖ్యం. ఒకే వస్తువుని వస్తువుగానూ చూడాలి, అదే సమయంలో మరోదానికి గుర్తుగానూ చూడాలి. పెద్దవాళ్లం ఈ పని ఆలోచించకుండానే చేసేస్తాం. చిన్నపిల్లలకి అది చాలా కష్టం. వస్తువు ఎంత ముద్దొస్తుంటే కష్టం అంత ఎక్కువ.

జూడీ డిలోచ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఒక నిజమైన గది, దానికి అచ్చుగుద్దినట్టుండే చిన్న నమూనా గది. పిల్లల కళ్ల ముందే నమూనాలో ఒక చిన్న బొమ్మని దాచి, ‘పెద్ద గదిలో పెద్ద బొమ్మ కూడా సరిగ్గా ఇక్కడే దాక్కుంది, వెతుకు’ అన్నారు. మూడేళ్ల పిల్లల్లో ఎక్కువమంది నేరుగా వెళ్లి తీశారు. రెండున్నరేళ్ల వాళ్లలో ఎక్కువమందికి చేతకాలేదు. నమూనాలో చిన్న బొమ్మ ఎక్కడుందో మాత్రం వాళ్లకి బాగానే గుర్తుంది. ఆ తర్వాత ఆవిడ చేసినవి మీకు ఇంకా పనికొస్తాయి. మూడేళ్ల పిల్లల్ని ముందు కాసేపు ఆ నమూనాతో ఆడుకోనిస్తే, వెతకడంలో వాళ్లు వెనకబడ్డారు. నమూనాని ముట్టుకునే వీల్లేకుండా అద్దం వెనక పెడితే, రెండున్నరేళ్ల వాళ్లు మెరుగయ్యారు. చేతికి ఆటవస్తువుగా అలవాటైన కొద్దీ అది దేనికి గుర్తో పిల్లల కంటికి ఆనలేదన్నమాట.

మీ పిల్లలు పెద్దవాళ్లే కదా అంటారా? ఇంకా పెద్ద పిల్లలతో చేసిన పరిశోధన కూడా ఉంది. 2009లో వచ్చింది. డబ్బు లెక్కలు చేసేటప్పుడు అచ్చం నిజం నోట్లు, నాణేల్లా ఉన్నవి చేతికిచ్చిన పిల్లలు, మామూలు కాగితం ముక్కలతో చేసిన పిల్లల కంటే ఎక్కువ తప్పులు చేశారు. కాకపోతే ఇందులో ఒక మెలిక ఉంది. అసలు లెక్కే అర్థంకాక చేసే తప్పులు మాత్రం నిజం నోట్లు పట్టుకున్న వాళ్లలో తక్కువ. తెలిసిన వస్తువు అర్థం చేసుకోవడానికి సాయపడింది, అదే వస్తువు లెక్క చేసేటప్పుడు దృష్టి మళ్లించింది. మీ క్లాసులో ఆ రోజు మీరు చూసింది ఇంచుమించు ఇదే.

కాబట్టి ఏ బొమ్మ చేతిలోకి తీసుకున్నా ముందు ఒక్కటి తేల్చుకోండి: ఈ పాఠం ఆ బొమ్మ గురించేనా, లేక ఆ బొమ్మ మరోదానికి గుర్తుగా నిలబడాలా? కారు ఎంత దూరం వెళ్తుందన్నది పాఠమైతే కారే కావాలి, ఎంత ఆకర్షణగా ఉంటే అంత మంచిది, ముందు తనివితీరా ఆడుకోనివ్వాలి. కారు ‘ఒకటి’ అనే అంకెకి గుర్తుగా ఉండాలంటే కారు వద్దు. ఒకే రంగు, ఒకే సైజు గుండీలో, సీసా మూతలో, అగ్గిపుల్లల్లాంటి పుల్లలో తీసుకోండి. బొమ్మలతో పాఠాల్లో వచ్చే గొడవల్లో చాలా భాగం ఈ రెండిటినీ కలిపేయడం వల్లే వస్తాయని నా అభిప్రాయం.

ఇక మీ కార్లతోనే ఒక పాఠం చేద్దాం. ఒక నున్నటి చెక్క పలక, అరడజను ఒకే మందం పుస్తకాలు, ఒక చాక్‌పీసు, పొడుగ్గా కత్తిరించిన కాగితం పట్టీలు చాలు. పలక ఒక చివర కింద ఒక పుస్తకం పెట్టండి. కారుని పై అంచున ఉంచి వదలాలి, తొయ్యకూడదు. ఈ ‘తొయ్యకూడదు’ దగ్గరే మొదటి వాదన వస్తుంది, రానివ్వండి. తోస్తే ఎందుకు లెక్కలోకి రాదో వాళ్ల చేతే చెప్పించండి, ఆరేళ్ల పిల్లలు చక్కగా చెబుతారు. కారు ఆగినచోట చాక్‌పీసుతో గీత. పలక అంచు నుంచి గీత దాకా కాగితం పట్టీ పరిచి, అక్కడికి చింపి, ‘1’ అని రాయండి. తర్వాత రెండు పుస్తకాలు. వదిలే ముందు ప్రతి జట్టూ కారు ఎక్కడ ఆగుతుందో ఊహించి, ఆ చోట ఒక పుల్ల పెట్టాలి. ఈ ఊహించడం మాత్రం వదిలిపెట్టకండి. కారు వెళ్లడం చూస్తే సరదా, అంతే. ఎక్కడ ఆగుతుందో ముందే పందెం కాసినట్టు పుల్ల పెట్టినవాడు మాత్రం ఊపిరి బిగబట్టి చూస్తాడు, తన పుల్లకీ కారుకీ మధ్య ఎంత తేడా ఉందో అడగకుండానే కొలుస్తాడు.

మూడు పుస్తకాలు కూడా అయ్యాక ఆ పట్టీల్ని గోడకి పక్కపక్కనే, కింది అంచులు సమంగా ఉండేలా నిలువుగా అంటించండి. అదే మీ క్లాసు మొదటి గ్రాఫు. గ్రాఫు అన్న మాట కూడా ఎత్తక్కర్లేదు. ‘రెండు పుస్తకాల పట్టీ ఒక పుస్తకం పట్టీ కంటే ఎన్ని జానలు ఎక్కువ?’ అని అడగండి. తీసివేత దానంతటదే వస్తుంది. మరో రోజు పలక మీద తువ్వాలు పరిచి అదే కారుని వదలండి. ఎందుకు మెల్లగా పోయిందో వాళ్లే చెప్పాలి. ఒక్క జాగ్రత్త: ఒకసారికి ఒక్క మార్పే. పుస్తకాలూ పెంచి, కారూ మార్చేస్తే ఏది ఎందుకు జరిగిందో ఎవరికీ తెలియదు. మీ నీలం కారు అభిమానికి ఇక్కడ మంచి పని దొరుకుతుంది. నీలం కారే గొప్పదని వాడు వాదిస్తే, అదే పలక మీద, అన్ని పుస్తకాలతోనే, నీలం కారునీ ఎర్ర కారునీ మూడేసి సార్లు వదిలి చూడమనండి.

లెగో బ్లాకులు దీనికి భిన్నం. అవి రెండు పనులకీ పనికొచ్చే అరుదైన బొమ్మ. దానికి కారణం వాటి తయారీలోనే ఉంది. 1958లో డెన్మార్క్ కంపెనీ పేటెంటుకి దరఖాస్తు చేసిన ఆ బ్లాకు కొలతల్లో ఎంత కచ్చితమంటే, అప్పటి బ్లాకుకి ఇప్పటిది అతుక్కుంటుంది. పైన బొడిపెలు లెక్కపెట్టడానికి వీలుగా వరసల్లో ఉంటాయి. ఎనిమిది బొడిపెల బ్లాకు మీద నాలుగు బొడిపెలవి రెండు సరిగ్గా కూర్చుంటాయి. ఆరు బొడిపెలదీ, రెండు బొడిపెలదీ కలిపినా కూర్చుంటాయి. ఎనిమిదిని ఎన్ని రకాలుగా విడగొట్టొచ్చో చెయ్యి చెబుతుంది. ఐదు బొడిపెలు కావాలంటే రెండు వరసల బ్లాకుల్లో దొరకదు, ఎంత వెతికినా దొరకదు. సరి, బేసి సంఖ్యల పాఠం అక్కడ మొదలుపెట్టండి. ఒకే రంగు బ్లాకులతో ఒకటి నుంచి పది దాకా మెట్లు కట్టించండి. పక్క మెట్టుకి ఎప్పుడూ ఒక్క బ్లాకే తేడా అని పిల్లలు తామే కనిపెడతారు.

ఇంకో ఆట. అందరికీ ఆరేసి బ్లాకులిచ్చి బాతుని కట్టమనండి, నిమిషమే టైము. ఏ రెండు బాతులూ ఒకలా రావు. ఆశ్చర్యమేమీ లేదు. ఎనిమిది బొడిపెల బ్లాకులు ఒకే రంగువి ఆరు ఉంటే 91 కోట్లకు పైగా రకాలుగా అమర్చవచ్చని లెక్కకట్టారు. తర్వాత ఇద్దరిద్దరు పిల్లల్ని వీపు వీపు ఆనించి కూర్చోబెట్టండి. ఒకరు తన బాతుని మాటల్లో వర్ణించాలి, రెండోవాళ్లు చూడకుండా కట్టాలి. ‘దాని మీద ఇది పెట్టు’ అంటే కుదరదు. ‘ఎర్రదాని మీద, కుడి చివర, అడ్డంగా’ అనాల్సిందే. మీద, కింద, పక్కన, వెనక, అడ్డంగా, నిలువుగా లాంటి మాటలు వర్క్‌షీటులో ఎన్నిసార్లు రాయించినా రాని చురుకుదనంతో వస్తాయి. ఇది లెక్కల పీరియడులో చేస్తారో తెలుగు పీరియడులో చేస్తారో మీ ఇష్టం.

మెత్తటి రంగుల మట్టి, అదే ప్లే-డో, మొదట గోడ కాగితాలకి పట్టిన మసి తుడిచే ముద్ద. దాన్ని నర్సరీ పిల్లలకిచ్చి చూసి, బొమ్మగా బావుంటుందని చెప్పింది ఒక టీచరే. 1950ల నాటి మాట. మనకి దానితో ఒక అదనపు లాభం ఉంది. మన అక్షరాలన్నీ వంపులే కాబట్టి, మట్టిని సన్నటి తాడులా పేని అక్షరం వేయించడం తేలిక. ‘ల’కీ ‘అ’కీ తేడా ఎక్కడుందో వేలికి తెలుస్తుంది. పెన్సిలు పట్టుకోవడానికి కావలసిన బలం కూడా ఆ పేనడంలోనే వస్తుంది.

టెడ్డీల్లాంటి మెత్తటి బొమ్మలకి నేనిచ్చే పని ఒకటే: వినడం. గట్టిగా చదవమంటే నోరు విప్పని పిల్లలు క్లాసుకి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఒక మూల టెడ్డీని కూర్చోబెట్టి, ‘దీనికి కథ చదివి వినిపించు’ అనండి. అది తప్పులు పట్టదు, తొందరపెట్టదు, నవ్వదు. మీరు అటు చూడకుండా చెవి మాత్రం అటు వేసి ఉంచండి. బొంగరాలూ బేబ్లేడ్లూ ఎంతసేపు తిరిగాయో చప్పట్లతో లెక్కపెట్టించడానికి బావుంటాయి, అంతకు మించి వాటితో నాకేమీ పెద్ద ఆశ లేదు.

పోకిమాన్ లాంటి కార్డుల గురించి మీరు అడగలేదు కానీ, రేపో మాపో మీ క్లాసులోకీ వస్తాయి. వాటిని క్లాసులోకి రానివ్వకండి. మార్చుకోవడాలు, మోసపోయానన్న ఏడుపులు, సాయంత్రం అమ్మానాన్నల ఫిర్యాదులు... ఆ తలనొప్పి మీకెందుకు? కానీ వాటిలో పిల్లల్ని పట్టేసే సూత్రం ఒకటుంది: ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ, కొన్ని అంకెలు. దాన్ని అరువు తెచ్చుకోండి. ఒక్కొక్కరూ అట్టముక్క మీద ఒక జంతువునో పురుగునో గీసి, కింద ‘కాళ్లు: 6, రెక్కలు: 4’ అని రాయాలి. ఇద్దరు ఒకేసారి కార్డు తిప్పితే, కాళ్లు ఎక్కువున్నది గెలుస్తుంది. సీతాకోకచిలుక ఆవుని ఓడించినప్పుడు క్లాసు గోల గోల అవుతుంది, చూడండి. సాలీడుకి ఆరు కాళ్లా ఎనిమిదా అన్న తగాదా తీర్చడానికి వాళ్లే పుస్తకం తెరుస్తారు. కొనే పని లేదు, ఎవరి కార్డు ఖరీదైనదన్న పోలికా లేదు.

ఇప్పుడు కొట్లాటల సంగతి. ముప్పై మంది ముందు ఒక పెట్టె తెరిస్తే ఏ క్లాసులోనైనా అదే జరుగుతుంది. అందరికీ ఒకేసారి వద్దు. నలుగురేసి జట్లు చేసి, రెండు జట్లే బొమ్మల దగ్గర ఉండాలి. మిగతావాళ్లకి రాతపనో చదివే పనో ఇవ్వండి, పావుగంటకోసారి మార్చండి. జట్టులో ఒకరు వదలాలి, ఒకరు గీత గియ్యాలి, ఒకరు పట్టీ చింపాలి, ఒకరు రాయాలి. ప్రతి వదులుకీ పనులు చేతులు మారాలి. పనిలేని చెయ్యే పక్కవాడి కారు లాక్కుంటుంది. ఆడపిల్లలకి వంట సామాను, మగపిల్లలకి కార్లు అని పంచడం మన చేతుల్లోంచి తెలియకుండానే జరిగిపోతుంది. వంతుల వారీగా ఇస్తే ఆ బెడద ఉండదు.

జేబులోకి పోయే బొమ్మకి మందు ఒక పార్కింగ్ చార్టు. పెద్ద అట్ట మీద కార్లు పట్టేంత గళ్లు గీసి నంబర్లు వెయ్యండి, కార్ల అడుగున అవే నంబర్లు అంటించండి. పాఠం అయ్యాక ఏ కారు ఆ గడిలోకి వెళ్లాలి. ఏడో గడి ఖాళీగా ఉంటే అందరికీ కనబడుతుంది, ఎవరి జేబూ తడమక్కర్లేదు. ‘ఒకటి రాలేదు, అందరం వెతుకుదాం’ అనండి. చాలాసార్లు అది బెంచీ కింద ‘దొరుకుతుంది’. దొరికింది కదా, ఇంకేమీ అడగకండి.

ఇంటి నుంచి బొమ్మలు తెచ్చుకోవడం మాత్రం పూర్తిగా ఆపేయండి. విరిగితే ఎవరు బాధ్యులన్నది చిన్న సమస్య. పెద్ద సమస్య ఏమిటంటే, ఆ బొమ్మ లేని పిల్లలు, ఆ కార్టూను పేరే వినని పిల్లలు మీ పాఠం మొదలవకముందే బయటివాళ్లయిపోతారు. కార్టూన్ పాత్రల బొమ్మల్ని పాఠాలకి నేను పెద్దగా సిఫార్సు చెయ్యకపోవడానికి ఇదొక కారణం. వాటి కథ ముందే ఎవరో రాసేశారు, పిల్లలు ఆ డైలాగులే మళ్లీ చెబుతారు. ముఖం సరిగా లేని చెక్కబొమ్మకైతే కథ వాళ్లే అల్లాలి.

‘లెక్కలు త్వరగా చేస్తే కార్లతో ఆడుకోవచ్చు’ అని బొమ్మని బహుమతిగా కూడా పెట్టకండి. 1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు, బొమ్మలు గీయడమంటే ముందే ఇష్టమున్న నర్సరీ పిల్లల్లో కొందరికి ‘గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ఆశ చూపించారు. కొద్ది రోజుల తర్వాత చూస్తే ఆ పిల్లలు ఖాళీ సమయంలో బొమ్మలు గీస్తూ గడిపే సమయం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగమే. లెక్కకి ఎదురుగా కారుని బహుమతిగా నిలబెడితే, లెక్క అంటే కారు కోసం భరించాల్సిన పని అని మనమే నేర్పినట్టవుతుంది.

భద్రత విషయంలో ఎక్కువ చెప్పను, మీకు తెలిసిందే. అంగుళం పావు వెడల్పున్న గొట్టంలో పూర్తిగా దూరిపోయే బొమ్మ మూడేళ్ల లోపు పిల్లలకి ప్రమాదమని లెక్క. మీ పిల్లలు ఆ వయసు దాటినా, నోట్లో పెట్టుకునే అలవాటు కొందరికి ఇంకా ఉంటుంది. అయస్కాంతం బిళ్లలున్న బొమ్మలు, గుండీ బ్యాటరీల బొమ్మలు అసలే వద్దు. రెండు అయస్కాంతాలు మింగితే అవి కడుపులో పేగుల గోడల మీదుగా ఒకదాన్నొకటి లాక్కుంటాయి. గుండీ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే గంటల్లోనే లోపల కాలుస్తుంది.

మీ హెడ్మిస్ట్రెస్ గారి ప్రశ్న న్యాయమైనదే, అందుకని కోపం తెచ్చుకోకండి. ఇదేమీ కొత్త ఫ్యాషన్ కాదని మాత్రం చెప్పండి. ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బాద్ బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల బడి పెట్టాడు. 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టింది ఆయనే. పాఠాల కోసం ఆయన తయారుచేసిన బొమ్మలు ఊలు బంతులు, చెక్క గోళం, ఘనం, స్తూపం, ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే పెద్ద ఘనం. ఎంత సాదాగా ఉన్నాయో గమనించండి.

ఆవిడకి ఇంతకంటే నచ్చే జవాబు మీ లెసన్ ప్లానులో ఉండాలి. ప్రతి బొమ్మ పాఠానికీ మూడు ముక్కలు రాయండి: ఏ బొమ్మ, దానితో ఏం నేర్పుతున్నాను, ఎప్పుడు తీసేస్తాను. ఈ మూడోది చాలామంది రాయరు. జెరోమ్ బ్రూనర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన వరస ఇక్కడ వాడుకోవచ్చు: ముందు చేత్తో, తర్వాత బొమ్మ గీసి, ఆ తర్వాత అంకెలతో. సోమవారం గుండీలు కలిపి లెక్కపెట్టారు. బుధవారం గుండీలు పెట్టెలోనే ఉంటాయి, రాసుకునే పలక మీద సున్నాలు గీసి లెక్కపెడతారు. వచ్చే వారం 3 + 2 అని రాస్తారు. ఎవరైనా తడబడితే గుండీలు మళ్లీ వాళ్ల చేతికివ్వండి, వాళ్లకి మాత్రమే. వారానికి రెండు బొమ్మ పాఠాలు మించనివ్వకండి, సర్దడానికే మీ ఓపిక అయిపోతుంది. కార్ల పాఠం చేసే రోజు ఆవిణ్ని క్లాసుకి పిలిచి, ఆవిడ చేతికీ ఒక పుల్ల ఇచ్చి, కారు ఎక్కడ ఆగుతుందో పెట్టమనండి.